కోరినవారు: దేవసహాయం, కురిచేడు

ముందుగా ఒక మాట చెప్పేస్తాను, మిగతాది టీ తాగుతూ మాట్లాడుకుందాం. నేను పోలేదు. పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం రేడియోలో కోరిన పాటలు విని, 'అయ్యో, మార్కాపురం వెంకటసుబ్బయ్య పోయి అప్పుడే సంవత్సరం అయిందా!' అని నొచ్చుకున్నవాళ్ళు దయచేసి కుదుటపడండి. పొద్దున్నే బీపీ బిళ్ళ వేసుకుని, రెండు ఇడ్లీలు తిని, ఇదిగో రాస్తున్నాను. నన్ను చంపింది రేడియోవాళ్ళు కాదు. వాళ్ళకు పాపం ఏమీ తెలియదు. నన్ను నేనే చంపుకున్నాను, ఈ కుడిచేతి బొటనవేలితో!

ఎట్లా అంటే కొంచెం వెనక్కి పోవాలి. నేను ఏ సంగతి చెప్పినా వెనక్కి పోతానని మా ఆవిడ రత్నమ్మకు విసుగు. "నిన్ను ఉప్పు డబ్బా ఏడుందయ్యా అని అడిగితే సముద్రం కాడ మొదలుపెడతావు" అంటుంది. అనుకోనివ్వండి.

మాది మార్కాపురంలో పలకల దుకాణం. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. పలకలు తగ్గిపోయి ప్లాస్టిక్ సామాను పెరిగింది, ఆ ఏడుపు ఇంకోసారి. నేను బి.ఏ. చదివి వచ్చి దుకాణంలో కూర్చున్న కొత్తలో నాకున్న ఒకే ఒక పిచ్చి రేడియో. అందులోనూ కోరిన పాటలు. కార్డు ముక్క మీద పాట, పేరు, ఊరు రాసి పంపితే అదృష్టం బాగున్న రోజున మన పేరు చదివేవాళ్ళు. పాట కోసం ఎవరు రాశారండీ? పేరు కోసం రాసేవాళ్ళం. గిద్దలూరు, పామూరు, వెలిగండ్ల, ఊరికి ఒకరో ఇద్దరో మావంటి పిచ్చివాళ్ళు ఉండేవాళ్ళు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. పేర్లు మాత్రం చుట్టాల పేర్లకంటే బాగా తెలుసు.

అట్లా తెలిసినవాడే దేవసహాయం. నా పేరు వచ్చిందంటే వెనకాలే అతని పేరు వచ్చేది. "మార్కాపురం నుంచి వెంకటసుబ్బయ్య, కురిచేడు నుంచి దేవసహాయం." వీడెవడు, ఎప్పుడూ నా వెనకాలే తిరుగుతున్నాడు అని నాకు అనుమానం. నా ముందర నడుస్తున్నాడెవడు అని అతనికి అనుమానం. చివరికి ఉత్తరం రాసుకుని కురిచేడు స్టేషన్‌లో కలుసుకున్నాం. రైల్వేలో కీమాన్, అంటే పట్టాలు చూసుకుంటూ నడిచే ఉద్యోగం. భుజాన సుత్తి, ఆ సుత్తి కర్రకు వేలాడదీసిన చిన్న ట్రాన్సిస్టరు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వేనా అన్నా వెంకటసుబ్బయ్యవు? గొంతును బట్టి ఇంకా లావుంటావనుకున్యా."

"నా గొంతు నువ్వెప్పుడు విన్నావయ్యా? చదివింది రేడియో ఆవిడ గదా!"

"అదే. ఆమె నీ పేరు లావుగా చదువుతాది."

ఆ రోజు నుంచీ అతను నాకు బావ, నేను అతనికి బావ. వాళ్ళు చర్చికి పోయే కూలీ కుటుంబం, మేం దుకాణం పెట్టుకున్న శెట్లం. వరస ఎట్లా కలిసిందని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగినా రేడియో కలిపిందని చెప్పేవాళ్ళం.

తర్వాత మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. మన పాట మనమే అడిగి, మన పేరు మనమే రాసుకుని, అది వస్తే మనమే సంబరపడటం ఏం బాగుంటుంది? అందుకని అతని పేరు మీద నేను రాయాలి, నా పేరు మీద అతను రాయాలి. ఏ పాట అడిగామో మాత్రం చెప్పుకోకూడదు. నేను ఏ పాట కోరానో నాకు రేడియోలోనే తెలియాలి! ఆ మజా మీకు చెప్పినా అర్థం కాదు. ప్రతి వారం రేడియో పక్కన కూర్చుని, ఈసారి నాకేం ఇష్టమో అని ఎదురుచూడటం.

ప్రమాదాలు కూడా జరిగాయనుకోండి. నా పెళ్ళయిన వారానికే 'మార్కాపురం నుంచి వెంకటసుబ్బయ్య' ప్రేయసి వదిలేసి పోయిన ఏడుపు పాట ఒకటి కోరాడు. రత్నమ్మ పుట్టింటికి పోతానని పెట్టె సర్దింది. ఆ కసి కొద్దీ నేను దేవసహాయం పేరు మీద తాగుబోతు పాట అడిగాను. మరుసటి ఆదివారం వాళ్ళ చర్చిలో అప్పటి పాస్టరు అయ్యగారు ప్రసంగమంతా సారా మీదే చెప్పారట. "నా బతుకులో చుక్క ముట్టినోన్ని గాదు బావా! గంటసేపు నా మొహం జూసే చెప్పినాడు!" అని లబలబలాడాడు.

కార్డులు పోయి వాట్సాప్ వచ్చాక మా పద్ధతి దెబ్బతింది. నేను టచ్ ఫోను కొన్నాను. అతను కొననన్నాడు. బటన్ల ఫోనే చాలన్నాడు. పోయిన ఏడాది నా పుట్టినరోజుకు ముందు ఆ ఫోనులోంచే పిలిచాడు.

"బావా, నీ పుట్టినరోజుకు నా పేరు మీద పాట పడాల. కార్డులు తీసుకోవడంల్యా అంట. నువ్వే నీ ఫోన్లో నా పేరు మీద కొట్టు."

"సరే, ఏ పాటో చెప్పు."

"అది చెప్తే నీకు ముందే తెలిసిపోతాది గదా!"

"చెప్పకపోతే ఎట్ల కొట్టేది?"

చాలాసేపు ఆలోచించాడు. "అట్లయితే కండ్లు మూసుకోని కొట్టు" అన్నాడు.

అట్లా నా పుట్టినరోజు శుభాకాంక్షలు నేనే టైపు చేసుకున్నాను. 'కోరినవారు: దేవసహాయం, కురిచేడు. మా బావ వెంకటసుబ్బయ్య, మార్కాపురం, పుట్టినరోజు సందర్భంగా.' ఈ మెసేజీని గుర్తు పెట్టుకోండి. నన్ను చంపింది ఇదే.

మధ్యలో నాలుగు సలహాలు చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మా వీధిలో కొత్తగా ఏ వస్తువు కొన్నా ముసలివాళ్ళంతా నా దగ్గరకే వస్తారు మరి. పాత ట్రాన్సిస్టరు ఉంటే పారేయకండి. వాడకపోతే మాత్రం సెల్లులు తీసి పెట్టండి, కారిపోయి లోపలంతా తినేస్తాయి. ఫోనులో రేడియో యాప్ మంచిదే, గరగర ఉండదు. కాకపోతే అసలు రేడియో కంటే అర నిమిషమో ఎంతో వెనక వస్తుంది, దాన్ని చూసి గడియారం సరిచేసుకోకండి. బ్లూటూత్ స్పీకరు అరచేతిలో పట్టేది తీసుకోండి, చాలు. అసలైన సలహా ఒకటుంది, ఆఖరున చెప్తాను.

ఆ పుట్టినరోజు పాట వచ్చిన కొద్ది రోజులకే దేవసహాయం పోయాడు. గుండె. పొద్దున్నే పెరట్లో ముఖం కడుక్కుంటూ కూలబడ్డాడు. కిటికీలో ట్రాన్సిస్టరు మోగుతూనే ఉందట. నేను పోయేసరికి ఎవరో దాన్ని ఆపేశారు. ఏం చెయ్యాలో తోచక నేను ఆ ట్రాన్సిస్టరు వెనక మూత తీసి, సెల్లులు బయటకు తీసి, దాన్ని గూట్లో పెట్టాను. ఇంటినిండా జనం ఏడుస్తుంటే నేను చేసిన పని అది. ఆ తర్వాత పాటలు అడగటం మానేశాను. రాయడానికి నాకు పేరు లేదు.

ఏడాది తిరిగొచ్చింది. జ్ఞాపకార్థ కూటం పెట్టుకుంటున్నాం రమ్మని అతని భార్య మార్తమ్మ కబురు చేస్తే, ఏమన్నా సాయం కావాలేమోనని ముందే ఒకసారి పోయి వచ్చాను. మార్తమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చుని ఉంది. తల ఎత్తకుండా అంది.

"అన్నా, రేషన్ కార్డులో ఆయన పేరు కొట్టేసినారు. ఓట్ల లిస్టులో కొట్టేసినారు. పింఛను కాయితాల్లో పేరు ముందర లేటు అని పెట్టినారు. ఏడ జూసినా అంతే. ఒక్కసారి రేడియోలో ఆయన పేరు చెప్పియ్యన్నా. ముందర మాదిరి. నాకు ఇంకేం అక్కర్ల్యా."

"అదెంత పనమ్మా! కూటం రోజునే వచ్చేట్టు చేస్తా. నేను ఫోను పట్టుకొస్తా, స్పీకరు పట్టుకొస్తా, నీ పక్కనే కూర్చోని వినిపిస్తా" అన్నాను. కొత్త సామాను చూపించుకునే అవకాశం వస్తే నేను ఆగలేను.

ఇంటికొచ్చి మెసేజీ రాయడానికి కూర్చున్నాను. ఒక్క అక్షరం పడలేదు. 'దేవసహాయం' అని రాసి, దాని పక్కన 'వర్ధంతి' అనే మాట పెట్టలేకపోయాను. కళ్ళు మసకలు. అద్దాలు తుడుచుకున్నాను, మళ్ళీ మసకలు. ఫోనును పైకీ కిందికీ జరుపుతుంటే పోయిన ఏడాది మెసేజీ కనబడింది. ఆహా, అంతా తయారుగానే ఉంది గదా! దాన్నే కాపీ చేశాను. 'పుట్టినరోజు' తీసేసి 'ప్రథమ వర్ధంతి' పెట్టాను. కింద దేవసహాయానికి ఇష్టమైన పాట రాశాను. చదివి చూసుకోలేదు. చదవాలంటే మళ్ళీ అద్దాలు తుడుచుకోవాలి. పంపేశాను.

ఆదివారం పొద్దున రైలెక్కి కురిచేడు పోయాను. చర్చి అయ్యాక ఇంటి ముందర షామియానా కింద కూటం. కీర్తనలు పాడారు, పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పారు, ప్రార్థన చేశారు. భోజనాల వేళకు కోరిన పాటలు మొదలు. సినిమా పాటలు కదా, అయ్యగారు ఏమంటారోనని మార్తమ్మ భయపడింది. ఆయన విస్తరి ముందర కూర్చుని, "నాకు తినేటప్పుడు చెవులు వినబడవమ్మా, పెట్టుకోండి" అన్నారు. మంచివాడు.

స్పీకరును బల్ల మీద పెట్టాను. దానికి నీలం లైటు వెలుగుతుంది. ఇది వైరు లేకుండా ఎట్లా పనిచేస్తుందో పక్కనున్నవాళ్ళకు కాస్త చెప్పాను. ఇంకాస్త చెప్పబోతుంటే మార్తమ్మ "అన్నా, ఊరకుండు" అంది. అప్పుడు వచ్చింది.

"కురిచేడు నుంచి దేవసహాయం గారు..."

మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట నిలబెట్టుకున్నాను అనుకున్నాను. రేడియో అమ్మాయి ఎంతో మర్యాదగా సాగించింది.

"...తమ బావగారు, మార్కాపురానికి చెందిన వెంకటసుబ్బయ్య గారి ప్రథమ వర్ధంతి సందర్భంగా ఈ పాట కోరుతున్నారు."

షామియానా కింద అందరూ నా వైపు తిరిగారు. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నాకు అర్థం కావడానికి అందరికంటే ఎక్కువసేపు పట్టింది. పాపం ఎవరో వెంకటసుబ్బయ్య, నా పేరే, అని కూడా అనుకున్నాను! తర్వాత తెలిసొచ్చింది, అది నేనే. ఏడాదంతా వేచి, ఒక్కటంటే ఒక్కటి అడిగిన ఆడమనిషికి నేను చేసిన నిర్వాకం ఇదీ! మార్తమ్మ ముఖం చూసే ధైర్యం లేక స్పీకరు నీలం లైటు వైపే చూస్తూ కూర్చున్నాను.

పాట మొదలైంది. నాలుగు మాటలు కూడా కాలేదు, ఆగిపోయి ఫోను మోగడం మొదలైంది. అది కూడా స్పీకర్లోనే, ఊరంతా వినబడేట్టు! ఆపుదామని నొక్కాను. ఆపేదానికి బదులు ఎత్తేదాన్ని నొక్కాను.

"అబ్బయా!" అని స్పీకరు అరిచింది. గిద్దలూరు కాశిం సాహెబు. వాచీలు బాగుచేసేవాడు, మా పాత రేడియో బృందంలో మనిషి. మా అబ్బాయి ఫోను ఎత్తాడనుకున్నాడు. "మీ నాయన పోయి సంవత్సరం అయిందంట గదా! మాకు ఒక్క ముక్క చెప్పకపోతిరే! మంచి మనిషబ్బయా. కొంచెం పిసినారి. టీకి పిల్చి, తాగినాక జేబులు తడుముకుంటా ఉండేవాడు. అయినా మంచి మనిషి. ఏమోగానీ, మొన్న ఉగాదికి నాతో మాట్లాడినట్టు గుర్తే..."

"కాశిం, నేనే."

"నేనే అంటే?"

"సుబ్బయ్యనే."

"యా అల్లా!" అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ వెంటనే చేశాడు. "మామా, నిజంగా నువ్వేనా? అయితే ఆ టీ సంగతి మనసులో పెట్టుకోబాకు."

పాస్టరు అయ్యగారికి పొలమారింది. నెత్తి మీద తట్టడానికి ఒకరు లేచారు. ఆయన నవ్వడం చూసి పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలు నవ్వారు. జ్ఞాపకార్థ కూటంలో జనం కడుపు పట్టుకుని నవ్వుతున్నారు! ఆ స్పీకరును కట్టేద్దామని నేను వెనకా ముందూ తిప్పుతుంటే రత్నమ్మ ఫోను. దాన్ని నేను ఎత్తలేదు. ఎట్లా ఎత్తుకుందో అదే ఎత్తుకుంది.

"ఏమయ్యా! నువ్వు పోయి ఏడాది అయిందంట. మరి పొద్దున ఉప్మాలో ఉప్పు లేదని అరిచింది ఎవురు? ఇరుగుపొరుగోళ్ళు అప్పుడే వాకిట్లోకి వచ్చేసినారు. నా బొట్టు చూసి ఏమనాలో తెలీక నిలబడుకోని ఉన్నారు. టీ పెడదామంటే పాలు లేవు. వచ్చేటప్పుడు తీసుకోని రా!"

ఇంత గోలలోనూ మార్తమ్మ నవ్వలేదు, ఏడవలేదు. లేచి ఇంట్లోకి పోయింది. వెనకాలే పోయాను. గూట్లోంచి దేవసహాయం ట్రాన్సిస్టరు తీసి చేత్తో పట్టుకుని ఉంది. అది మోగుతోంది. నేను తీసేసిన సెల్లుల చోట కొత్తవి ఉన్నాయి. ఎప్పుడు వేసిందో ఏమో. గరగరమంటూ పాట ఆఖరి చరణంలో ఉంది. నా స్పీకరు మింగేసిన పాట. అయిపోయిందాకా ఇద్దరం నిలబడే విన్నాం. దేవసహాయం ఆ చరణం దగ్గర ఎప్పుడూ శ్రుతి తప్పేవాడు. మార్తమ్మ పెదవులు కదిలాయి.

పాట అయ్యాక అన్నాను: "తప్పయిపోయిందమ్మా. పాత మెసేజీ అది, చూసుకోలేదు. రేపే వాళ్ళకు చెప్పి వచ్చే వారం దిద్దించి చదివిస్తా. ఆయన పేరు సరిగ్గా చెప్పిస్తా."

"వద్దన్నా."

"అట్లంటే ఎట్లమ్మా?"

"కోరుతున్నారు అనింది గదా ఆ పిల్ల. విన్యావా? దేవసహాయం గారు కోరుతున్నారు. ఇప్పుడే ఇంట్లోంచి లేచి పోయి కార్డు డబ్బాలో ఏసి వచ్చినట్టు ఉన్నింది." ట్రాన్సిస్టరు మీది దుమ్మును కొంగుతో తుడిచింది. "దిద్దిస్తే ఏమంటారు? కీర్తిశేషులు అంటారు. ఆ మాట నాకు అన్ని కాయితాల్లో ఉంది. నిన్ను బతికిస్తే ఆయన మళ్ళా పోతాడన్నా. నువ్వే ఇంకొన్నాళ్ళు అట్లనే ఉండు. నీకేమి, మా రత్నమ్మొదిన అన్నం పెడతానే ఉంటాది గదా."

సరేనమ్మా అన్నాను.

మరునాడు రేడియో అమ్మాయి ఫోను చేసింది. పాపం, ఎవరో చెప్పినట్టున్నారు. "సార్, మీరు ఉన్నారటగా! మెసేజీలో ఉన్నట్టే చదివాం సార్. వచ్చే ఆదివారం సవరణ చదువుతాం" అంది. మీ తప్పేమీ లేదమ్మా, తప్పు నా బొటనవేలిది, సవరణ ఏమీ వద్దు అన్నాను. "మరి మీరు సార్?" అంది. "నేను ఉన్న సంగతి మా ఇంట్లోవాళ్ళకు తెలుసమ్మా, చాలు" అన్నాను.

ఇక ఆ అసలైన సలహా. పాత మెసేజీని కాపీ చేసి కొత్త సంగతికి వాడకండి. వాడితే పంపేముందు ఒకసారి చదవండి. కళ్ళు మసకలుగా ఉంటే ఇంకొకరి చేత చదివించండి. నాలాంటి సలహాలరాయుడి చేత మాత్రం వద్దు.

ఇప్పుడు నా పరిస్థితి ఏమిటంటే, రేడియో లెక్కలో నేను లేను. లేనివాడు పాటలు అడగకూడదు. కాబట్టి అడగాలంటే దేవసహాయమే అడగాలి. ప్రతి వారం అడుగుతున్నాడు. కురిచేడులో మార్తమ్మ ట్రాన్సిస్టరు పెట్టుకుంటుంది, మార్కాపురంలో నేను పెట్టుకుంటాను. అతని పేరు వస్తుంది, కోరుతున్నారు అంటారు, పాట వస్తుంది. మార్తమ్మకు అది ఏ పాటో ముందు తెలియదు. నాకు తెలుసు, రాసింది నేనే గదా. మొన్న ఒకసారి అతను చెప్పినట్టు కళ్ళు మూసుకుని కొట్టి చూశాను కూడా. అయినా తెలిసిపోయింది.

పాట అయ్యాక కూడా రేడియో కట్టకుండా కూర్చుంటాను. దేవసహాయం పేరు వచ్చిందంటే నా పేరూ రావాలి గదా, ఈసారి నాకేం ఇష్టమో వినాలి గదా అని. రత్నమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది: "చచ్చినోడివి, నీకు పాటలెందుకయ్యా? లేచి పాలు తీసుకోని రాపో!"